పుట్టీ లేని తలుపు

మా బావ కళ్ళని నమ్మడు. ఏ వస్తువైనా ముందు కళ్ళు మూసుకుని అరచేత్తో తడిమి చూడాలి. ఒకసారి బీరువా కొందామని అందరం కొట్టుకి వెళ్ళాం. కొట్టాయన ఇంకా రంగులు చూపిస్తూనే ఉన్నాడు. బావ తలుపు మీద చెయ్యి పెట్టి, పైనుంచి కిందికి నెమ్మదిగా లాగి, మధ్యలో ఆగాడు.

"ఇక్కడ ఎక్కడో గుద్దించారు," అన్నాడు.

కొట్టాయన ఒట్టు వేశాడు. బావ బీరువాని కొంచెం వంచి, వెలుగు పక్కనుంచి పడేలా తిప్పాడు. తలుపు మధ్యలో చిన్న సొట్ట కనిపించింది. కొట్టాయన సిగ్గుపడి, మేము అడక్కుండానే ధర తగ్గిస్తానన్నాడు. బావకి అప్పుడు అసలు అనుమానం పట్టుకుంది. "అడక్కుండా తగ్గిస్తున్నాడంటే మనకి దొరకనిది ఇంకోటి ఉందన్నమాట," అని మమ్మల్ని బయటికి తీసుకొచ్చేశాడు. మా బట్టలు ఇప్పటికీ ట్రంకు పెట్టెల్లోనే ఉంటున్నాయి.

బావది కార్ల డెంటింగ్ పని. సొట్ట పడిన తలుపునీ బానెట్‌నీ సుత్తితో, వెనక ఆనించే ఇనుప దిమ్మతో మెల్లమెల్లగా తట్టి, పాత ఆకారానికి తెచ్చి, పైన రంగు కొడతాడు. మా షెడ్డు పెద్ద రోడ్డు వెనక సందులో ఉంటుంది. పైన రేకులు. ఒక సగం బావది: సుత్తులు, కంప్రెసర్, రంగు డబ్బాలు. రెండో సగం మా అక్కది: కిటికీ పక్కన కుట్టుమిషను, గోడకి ఆనించిన రెగ్జిన్ చుట్టలు, ఫోమ్ ముక్కల బస్తా. అక్క కారు సీట్లు కుడుతుంది. అమ్మ పోయాక నా బడి తొమ్మిదితో ఆగిపోయింది. అప్పటినుంచి అక్క పక్కనే కూర్చుని సీట్ల అంచులకి సన్నటి పట్టీ, అంటే పైపింగ్, కుడుతున్నాను. నేను పెద్దగా మాట్లాడను కాబట్టి బావ నన్ను మూగమ్మా అని పిలుస్తాడు.

బావ దగ్గరికి వచ్చేవాళ్ళు ఎక్కువమంది పాత కార్ల బ్రోకర్లు. గుద్దుకున్న బండిని వెనక సందులోంచి తెస్తారు. బావ బాగు చేస్తాడు. ముందు రోడ్డు మీద నిలబెట్టి, "దీనికి ఒక్క గీత కూడా పడలేదండీ," అని అమ్ముకుంటారు. కొనేవాడు బావని అడిగితే బావ కూడా, "పుట్టీ లేదండీ, ఒరిజినల్ రేకు," అనేస్తాడు. పుట్టీ అంటే రేకు గుంటల్లో నింపి, ఎండాక రుద్దే ముద్ద. పుట్టీ పెట్టేవాళ్ళని బావ లెక్కచెయ్యడు. "గోడకి సున్నం కొట్టినట్టు కొడతారు వెధవలు" అంటాడు. అబద్ధం ఎంత నునుపుగా ఉంటుందో రోజూ తన చేతులతోనే తయారుచేస్తాడు కదా, అందుకే ఆయనకి నునుపైనదేదీ నచ్చదు.

ఈ మధ్య బళ్ళు రావడం తగ్గింది. సొట్ట పడితే ఎవరూ తట్టించుకోవడం లేదు. తలుపు ఊడదీసి కొత్తది బిగించేస్తున్నారు. షెడ్డు ఓనరు వచ్చినప్పుడల్లా రేకుల వైపు చూసి, ఇక్కడ గోడౌను కడితే ఎలా ఉంటుందని బావనే అడిగేవాడు.

అలాంటి రోజుల్లో ఒక ఏజెంటు తన కారు సీట్లు కుట్టించుకోవడానికి వచ్చాడు. పై దేశాలకి పనివాళ్ళని పంపించే ఏజెంటు. అక్క కొలతలు తీసుకుంటుంటే ఆయన అటు సగంలో బావ పని చూస్తూ నిలబడ్డాడు.

"అన్నా, నీ పని నేను పంపే ఒక దేశంలో కావలసిన పనుల పట్టికలో ఉంది, తెలుసా?"

"నా పనా? ఇక్కడే ఎవడికీ అక్కర్లేదే!"

"ఇక్కడ అక్కర్లేనిదే అక్కడ కావాలన్నా. వాళ్ళకి మనుషులు చాలట్లేదు."

"అంత బాగుంటే నువ్వింకా ఇక్కడే ఎందుకున్నావ్ తమ్ముడూ?"

ఏజెంటు నవ్వేశాడు. బావ నవ్వలేదు.

వారం గడిచింది. ఒక మధ్యాహ్నం అక్క అన్నం వడ్డిస్తూ, "చూసొస్తే పోయేదేముంది?" అంది. ముగ్గురం ఏజెంటు ఆఫీసుకి వెళ్ళాం. మేము కుర్చీల్లో కూర్చున్నాం. బావ కూర్చోకుండా గోడలు తట్టి చూశాడు. తలుపు మీద పేరు పలకని కళ్ళు మూసుకుని తడిమాడు.

"ఈ పేరు కింద ఇంకో పేరుంది."

"ముందు ఇక్కడ పళ్ళ డాక్టరు ఉండేవాడన్నా. పలక బాగుందని దానిమీదే రాయించాను."

"పళ్ళు పీకే గదేనన్నమాట," అని బావ అప్పుడు కూర్చున్నాడు.

ఏజెంటు ఓపికగానే చెప్పాడు. భార్యాభర్తల్లో ఎవరో ఒకరి పనిని ముందు పెట్టి అర్జీ పెట్టాలి. ఆ పని నిజంగా వచ్చని చూపించాలి, భాష పరీక్ష రాయాలి. రెండోవాళ్ళు జోడీగా వెళ్తారు. జోడీగా వెళ్ళినవాళ్ళు కూడా అక్కడ ఏ పనైనా చేసుకోవచ్చు.

"ఏ పనైనా చేసుకోనిస్తారా? ఊరికే?" అన్నాడు బావ.

"ఊరికే అన్నా."

"ఊరికే ఎవడిస్తాడు?"

ఏజెంటు అక్క వైపు తిరిగాడు. "వదినా, మీ సీట్ల పని కూడా పట్టికలో ఉంది. మీ దగ్గర ఫొటోలు ఉన్నాయా?"

అక్క ఫోను తీసి చూపించింది. కుట్టిన ప్రతి సీటునీ ఫొటో తీసి ఉంచుకోవడం ఆమెకి అలవాటు. కొత్తగా వచ్చినవాళ్ళకి ఆ బొమ్మలు చూపించి, ఈ కుట్టు కావాలా ఆ కుట్టు కావాలా అని అడుగుతుంది. ఏజెంటు వేలితో జరుపుతూ జరుపుతూ, "ఇంక చెప్పేదేముంది? ఎవరి పని చూపించడం తేలికైతే వాళ్ళని ముందు పెడదాం," అన్నాడు.

బావ ఫోను వైపు చూశాడు. తర్వాత అక్క వైపు చూశాడు. "నా పని మీదే వెళ్తాం," అన్నాడు.

అక్క ఫోను లోపల పెట్టేసుకుంది. దారంతా బావ వెనక్కి తిరిగి తిరిగి చూశాడు. ఏజెంటూ అక్కా ముందే మాట్లాడుకున్నారని ఆయన అనుమానం. నాకూ ఆ అనుమానం రాకపోలేదు. సీట్ల కొలతలకి ఏజెంటు రెండుసార్లు వచ్చాడు. కారు సీట్లకి రెండోసారి కొలతలు అక్కర్లేదు.

బావ దగ్గర ఫొటోలు ఒక్కటీ లేవు. ఆయన పనిలో ఫొటోలు ఉండవు. ఏజెంటు అడిగాడని ఒక బ్రోకరుకి ఫోను చేసి, సొట్టతో ఉన్నప్పుడూ బాగయ్యాకా తీసిన బొమ్మలుంటే ఇమ్మన్నాడు. అవతలి మాటలు మా దాకా వినిపించాయి. "ఏం పుట్టింది నీకు? నా బండికి దెబ్బ తగిలిందని ఊరంతా చాటుదామనా? నువ్వు నా బండి ఎప్పుడూ ముట్టుకోలేదు. నువ్వెవరో నాకు తెలీదు." ఫోను పెట్టేశాడు. ఇంకో ఇద్దరు అసలు ఫోనే ఎత్తలేదు. ఇన్నేళ్ళ పనికి సాక్ష్యం చెప్పేవాడు ఒక్కడూ లేడు. మిగిలింది ఒక్కటే దారి, పరీక్ష హాలుకి వెళ్ళి అక్కడ చేసి చూపించడం.

ఆ పరీక్షకి ముందు రోజుల్లో అక్క గొంతు తగ్గించి ఫోనులో మాట్లాడడం మొదలుపెట్టింది. మిషను ఆపి, రెగ్జిన్ చుట్టల వెనక్కి వెళ్ళి గుసగుసగా ఏదో అనేది. ఒక్కోసారి నవ్వేది. బావ కంప్రెసర్ కట్టేసి వినేవాడు. ఒకరోజు నన్ను పిలిచాడు.

"మూగమ్మా, మీ అక్క ఎవరితో మాట్లాడుతుంది?"

"పాఠం బావా. భాష పరీక్షకి."

"పాఠానికి నవ్వెందుకు?"

"తప్పు పలికితే ఫోను మళ్ళీ చెప్పమంటుంది. అందుకు."

నమ్మలేదు. అక్క చేతిలోంచి ఫోను తీసుకుని, తెర మీద ఉన్న మాటని గట్టిగా పలికాడు. ఫోను మళ్ళీ చెప్పమంది. ఇంకాస్త గట్టిగా పలికాడు. మళ్ళీ చెప్పమంది.

"ఇది నన్ను అనుమానిస్తోందే!" అన్నాడు బావ.

"మీకు తోడు దొరికింది లెండి," అంది అక్క.

పరీక్ష హాలు ఊరి చివర ఒక ట్రైనింగ్ సెంటర్లో ఉంది. హాలుకి గాజు గోడ. అక్కా నేనూ బయట బల్ల మీద కూర్చున్నాం. లోపల వరసగా స్టాండ్ల మీద కారు తలుపులు, అన్నిటికీ ఒకే మిషనుతో కొట్టిన ఒకేలాంటి సొట్ట. ప్రతి తలుపు వెనకా ఒక నంబరు కాగితం అంటించి ఉంది. ముందు పెద్ద తెర, అందులో ఆ దేశం నుంచి పరీక్ష చేసే ఆయన. ఆయన మాటల్ని ఇక్కడి ఉద్యోగి ఒకతను మన భాషలోకి మార్చి చెప్తున్నాడు. సొట్ట తీసి తలుపుని బాగుచెయ్యాలి, సాయంత్రం దాకా టైముంది, అదీ పని.

మిగతావాళ్ళు తట్టారు, ఆకురాయితో రుద్దారు, రేకు తెల్లగా బయటపడ్డాక చేతులు తుడుచుకుని నిలబడ్డారు. సుత్తి దెబ్బలూ ఆకురాయి గీతలూ అన్నీ కనిపిస్తూనే ఉన్నాయి. బావ వాళ్ళ తలుపుల వైపు చూసి మొహం తిప్పుకున్నాడు. ఆయన లెక్కలో పని కనబడిందంటే పని రానట్టే. మధ్యాహ్నం తెరా కెమెరాలూ కాసేపు కట్టేశారు. అందరూ తినడానికి వెళ్ళారు. బావ వెళ్ళలేదు. నాకు ఆయన వీపు ఒక్కటే కనిపించింది. తాళం బిగించే చోట వంగి, చాలాసేపు అలాగే ఉన్నాడు.

తర్వాత ప్రైమర్ కొట్టాడు, రుద్దాడు, రంగు కొట్టాడు. లోపలివైపు కూడా కొట్టాడు. మకిలిగా ఉందని నంబరు కాగితం పీకి పారేశాడు. సాయంత్రానికి ఆ తలుపు షోరూమ్‌లోంచి అప్పుడే తెచ్చినట్టుంది.

తెర మీద ఆయన కెమెరాని తలుపు దగ్గరికి తిప్పించి చూశాడు. తర్వాత ఏదో అడిగాడు.

"సొట్ట ఎక్కడుందని అడుగుతున్నారు," అన్నాడు ఉద్యోగి.

"తీసేశాను కదండీ!"

"ఎక్కడ తీశారో కనిపించాలట."

"కనిపిస్తే ఇంక తియ్యడమేంటి?"

"నంబరు కాగితం ఏదని అడుగుతున్నారు."

బావ నేల మీద వెతికాడు. ఎవరో ఊడ్చేశారు.

"పుట్టీ ఏమైనా వాడారా అని అడుగుతున్నారు."

"లేదండీ, ఒరిజినల్ రేకు."

ఆ మాట అనేటప్పుడు బావ మొహం షెడ్డులో బ్రోకరు పక్కన నిలబడినప్పటిలాగే ఉంది. గాజుకి ఇవతల అక్క తల దించుకుంది.

ఫలితం వచ్చింది. పాసు కాదు, ఫెయిలూ కాదు. మధ్యాహ్నం కెమెరా లేనప్పుడు తలుపు మార్చి కొత్తది పెట్టారేమోనని అనుమానంగా ఉంది, కెమెరా ముందు రంగంతా గీకి రేకు చూపించాలి, అప్పుడే తేలుస్తాం అన్నారు.

"గీకను," అన్నాడు బావ.

"గీకితే అయిపోతుంది కదన్నా," అన్నాడు ఏజెంటు.

"నేను కుట్టిన సీటు నన్నే చింపమన్నట్టుంది."

"సీట్లు కుట్టేది వదిన కదా?"

"ఎవరైతే ఏంటి? గీకను."

ఏజెంటు వెళ్ళిపోతూ సందు మలుపులో నన్ను ఆపాడు. "అమ్మాయ్, నిజం చెప్పు. మీ బావ తలుపు మార్చాడా?" నేను తల అడ్డంగా ఊపాను. "మరి భయమెందుకు?" అన్నాడు. తాళం దగ్గర వంగిన వీపు గుర్తొచ్చి, నేను ఇంటివైపు నడిచాను.

ఇంట్లో ఎవరూ ఎవరితో సరిగ్గా మాట్లాడలేదు. బావ అక్క ఫోను వైపు చూసేవాడు, అక్క బావ చేతుల వైపు చూసేది. ఇటు వెళ్ళాలన్నా అటు ఉండాలన్నా ఆ రంగు కింద ఏముందో తేలాలి. షెడ్డు ఓనరు గోడౌనుకి ఇటుకలు కూడా దింపించేశాడు.

ఒక పొద్దున అక్క మందపు రెగ్జిన్ కత్తిరిస్తోంది. ఈ మధ్య ఆమెకి కుడి బొటనవేలు నొప్పి, గుడ్డ పీలిక చుట్టుకుని పని చేస్తుంది. తల ఎత్తకుండానే అంది.

"ఆ రోజు మీరు సబ్బుతో రెండుసార్లు కడుక్కున్నా వాసన పోలేదు."

బావ సుత్తి దించాడు. "ఏం వాసన?"

"నా దగ్గరా దాచడం? ఈ షెడ్డులో పెళ్ళయినప్పటినుంచీ ఆ పుట్టీ వాసన పీలుస్తున్నాను. ఎక్కడ పెట్టారు?"

బావ చేతులు తుడుచుకుంటూ, "తాళం పక్కన," అన్నాడు. "గోరంత. అక్కడ రేకు రెండు పొరలుగా ఉంది. వెనకనించి చెయ్యి దూరలేదు."

"పెట్టడం తప్పా?"

"కాదట. పెట్టుకోవచ్చట. అడిగితే చెప్పాలట."

"మరి లేదని ఎందుకన్నారు?"

"నోటికి అలవాటే. అడగ్గానే వచ్చేసింది."

అక్క కత్తెర ఆపలేదు. "అయితే వెళ్ళి చెప్పండి."

"చెప్తే పోతుంది."

"చెప్పకపోతే ఉంటుందా?"

"పోతే నీ పని ముందుకొస్తుంది," అన్నాడు బావ. "నీకు కావలసింది అదేగా. మొదటి రోజే ఫోను తీసి చూపించావ్. వాడు రెండుసార్లు కొలతలకి వచ్చాడు."

నా మిషను దానంతట అదే ఆగిపోయింది. అక్క కత్తెర కింద పెట్టి ఆయన వైపు తిరిగింది.

"రెండోసారి నేనే పిలిచాను. మీ పని కాకపోతే నాది పనికొస్తుందా అని అడగడానికి. అడిగాను. దొంగతనమేమీ కాదు. మీరు గీకనంటే నా పని మీద నేనే అర్జీ పెడతాను. మిమ్మల్ని జోడీగా తీసుకెళ్తాను. రానంటారా..." అని ఆగి, మళ్ళీ కత్తెర తీసుకుంది. ఆ మాట పూర్తి చెయ్యలేదు. ఆమె ఏమనబోయిందో నాకు ఈ రోజుకీ తెలియదు. బావ కూడా అడగలేదు.

సాయంత్రం ఆయన నా పక్కన బస్తా మీద కూర్చున్నాడు.

"మూగమ్మా, ఆ తెర మీదాయన నన్నెందుకు నమ్మలేదంటావ్?"

నేను సూదికి దారం ఎక్కించాను.

"నేనైనా నమ్మేవాణ్ణి కాదు. నంబరు కాగితం పోయింది. మధ్యాహ్నం ఒక్కడే ఉన్నాడు. మనిషి చూస్తే ఎక్కడా తడబడట్లేదు. ఇంకేం కావాలి? నేనైనా గీకమనేవాణ్ణి." లేస్తూ, "వాడు పని తెలిసినోడే," అన్నాడు. ఆయన నోట ఒక మనిషిని గురించి అంత మంచిమాట నేను అంతకుముందు వినలేదు.

మర్నాడు హాలుకి వెళ్ళాం. కెమెరా పెట్టారు. బావ బ్లేడు చేత్తో పట్టుకుని, తెర వైపు కాకుండా ఉద్యోగి వైపు తిరిగి చెప్పాడు.

"ముందొక మాట చెప్పండి ఆయనకి. తాళం పక్కన పుట్టీ ఉంది. ఆ రోజు లేదన్నాను. ఉంది."

ఉద్యోగి చెప్పాడు. తెర మీదాయన ఏదో రాసుకున్నాడు. బావ రంగు మీద మందు పూసి గీకడం మొదలుపెట్టాడు. పొరలు పొరలుగా రంగు ఊడి కింద పడింది. దాని కింద రేకు మీద దగ్గర దగ్గరగా, అచ్చు గుద్దినట్టు సుత్తి దెబ్బలు. సొట్ట ఉన్న చోటంతా అవే. తాళం పక్కన మాత్రం బూడిద రంగులో ఒక మచ్చ. గోరంత అన్నాడు గానీ రెండు గోళ్ళంత ఉంది.

తలుపు మార్చలేదని తేలింది. పుట్టీ మందం కూడా ఉండాల్సినంతలోనే ఉందట. కానీ అడిగినప్పుడు లేదన్నారు కాబట్టి ఈ పరీక్ష లెక్కలోకి రాదు, కొంతకాలం ఆగి మళ్ళీ రావచ్చు అన్నారు. అప్పటికి షెడ్డు ఉండదు. ఆ పట్టికలో ఈ పని ఉంటుందో లేదో కూడా ఎవరూ చెప్పలేరని ఏజెంటు అన్నాడు.

ఇంటికొచ్చే దారిలో బావ అక్కతో, "నీదే పెట్టు," అన్నాడు. అంతే అన్నాడు.

అక్క పని చూపించడం ఎక్కువ కష్టం కాలేదు. ఆమె ఫొటోలు పంపింది. పిలిపించి ఒక సీటు కుట్టించారు. కుట్టు కనబడే పని కదా, ఎవరూ ఏదీ గీకమనలేదు. అంతకు ముందు రోజు షెడ్డులో నమూనాకి కుట్టిన సీటుని మాత్రం బావ కళ్ళు మూసుకుని తడిమాడు. "ఇక్కడ ఫోమ్ ఎత్తుగా ఉంది," అన్నాడు. "చెయ్యి తియ్యండి, అది నా పని," అంది అక్క. తీశాడు. కానీ అక్క బయటికి వెళ్ళాక నాతో, "ఎత్తుగానే ఉంది," అన్నాడు. అక్క తర్వాత బావ చూడకుండా ఆ కుట్టు విప్పింది.

భాష పరీక్ష కూడా అయ్యాక చివరిది మిగిలింది. జోడీ నిజమైన జోడీయేనా అని ఇద్దరినీ విడివిడిగా అడుగుతారట. మాది అనుమానం రాదగ్గ అర్జీయే. మొదట బావ పని ముందు పెట్టి, సగంలో అక్క పని పెట్టారు. ఇద్దరూ కలిసి తీయించుకున్న ఫొటో పెళ్ళినాటిది ఒక్కటే ఉంది. ఎవరైనా ఫోను ఎత్తి ఫొటో తీయబోతే బావ మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకుంటాడు. కాగితాల కోసం చేసుకున్న పెళ్ళేమోనని వాళ్ళు అనుకుంటే తప్పు పట్టడానికి లేదు. అలా అనుకుంటే ఇద్దరిదీ అక్కడితో సరి.

వీసా ఆఫీసులో ముందు అక్క అధికారి గదిలోకి వెళ్ళింది. చెమటలు కక్కుతూ బయటికి వచ్చింది. తర్వాత బావ వెళ్ళాడు. చాలాసేపు రాలేదు. వచ్చినప్పుడు మొహంలో నవ్వు ఉంది. అక్క భయపడింది.

"ఏమైంది? ఎందుకు నవ్వుతున్నారు?"

"అబ్బ, ఏం మనిషే! ఒకచోట నొక్కి చూస్తాడు, వదిలేస్తాడు, మళ్ళీ వెనకవైపునుంచి అక్కడే నొక్కుతాడు. ఒక్క మాట నమ్మలేదు నన్ను."

"దానికి సంతోషమా?"

"పని వచ్చినోణ్ణి చూస్తే నాకు సంతోషమే."

"ఏమడిగాడో చెప్పండి ముందు."

"అన్నీ అడిగాడు. పొద్దున్నే ఎవరు ముందు లేస్తారు, నువ్వు ఏ వైపు పడుకుంటావ్... కత్తెర ఏ చేత్తో పట్టుకుంటావని అడిగాడు."

"ఏం చెప్పారు?"

"కుడి చేత్తో మొదలుపెట్టి ఎడమ చేతికి మారుస్తుందని చెప్పాను."

అక్క గోడకి ఆనుకుంది. "అయిపోయింది. నేను కుడి చెయ్యి అనే చెప్పాను. పుట్టిన దగ్గర్నించీ నాది కుడి చెయ్యే! మీకు అదికూడా తెలీదా?"

"గుడ్డయితే కుడి చెయ్యే. రెగ్జిన్ మందంగా ఉంటే సగంలో ఎడమకి మారుస్తావ్."

"నేనా? ఎప్పుడూ లేదు! కావాలంటే దాన్నడగండి."

ఇద్దరూ నా వైపు చూశారు. నేను నోరు తెరిచేలోపే లోపలినుంచి అక్కని మళ్ళీ పిలిచారు.

లోపల జరిగింది అక్క తర్వాత చెప్పింది. ఆయన కాగితాల మీంచి తల ఎత్తకుండా బల్ల సొరుగులోంచి కత్తెర తీసి ముందు పెట్టాడట. మందపాటి పాత ఫైలు అట్ట ఒకటి ఇచ్చి, దీన్ని ఈ చివరనుంచి ఆ చివరకి కత్తిరించమన్నాడట. అక్క కుడి చేత్తో మొదలుపెట్టింది. ఏ తప్పు చేస్తానోనని గీత మీదే చూపు పెట్టి కత్తిరించుకుంటూ పోయింది. చివరికొచ్చి తల ఎత్తితే ఆయన ఆమె చేతుల వైపే చూస్తున్నాడు. కత్తెర ఎడమ చేతిలో ఉంది. ఎప్పుడు మారిందో అక్కకి తెలియదు. ఆయన అట్ట ముక్కలు రెండూ తీసుకుని, ఇక వెళ్ళవచ్చు అన్నాడట.

బస్సులో అక్క తన రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వేళ్ళు ముడుస్తూ తెరుస్తూ కూర్చుంది.

"నిజంగా మారుస్తానా?" అని నన్నడిగింది.

తల ఊపాను.

"ఎప్పట్నించీ?"

ముందు సీట్లోంచి బావ వెనక్కి తిరగకుండా, "వేలికి పీలిక చుట్టిన దగ్గర్నించీ," అన్నాడు.

అక్క వేళ్ళు ముడిచేసుకుంది. ఆ తర్వాత కొన్నాళ్ళు నేను ఆమెని కనిపెట్టి చూశాను. బావ అటు సగంలో ఉన్నప్పుడు కత్తెర పట్టుకోవాలంటే ఆమెకి ఏదో ఇబ్బందిగా ఉండేది. తనని ఇన్నాళ్ళూ ఎవరో గమనిస్తున్నారని తెలిస్తే ఎవరికైనా అలాగే ఉంటుందేమో. లేకపోతే, ఇంకా ఏమేం చూశాడో అని లెక్క వేసుకుంటోందేమో.

అనుమతి వచ్చింది. ఇద్దరికీ వచ్చింది, అక్కది పని మీద, బావది జోడీగా. పాస్‌పోర్టు తిరిగి రాగానే బావ వీసా పేజీ తెరిచి, కళ్ళు మూసుకుని, అంటించిన కాగితం అంచుల వెంట వేలు పోనిచ్చాడు. ఎక్కడా లేవలేదు. అయినా ఏజెంటుకి ఫోను చేసి, "ఇంత తేలిగ్గా ఎందుకిచ్చారంటావ్?" అని అడిగాడు. ఏజెంటు ఏమన్నాడో గానీ బావ, "అదే నా అనుమానం కూడా," అని పెట్టేశాడు.

షెడ్డు ఖాళీ చేసే రోజు, ఇక్కడే ఉండిపోయే నాకు మిషను వదిలేశారు. దాన్ని ఇంటి ముందు గదిలో వేసుకోవాలని అనుకున్నాం. బావ రంగు డబ్బాల మధ్య కూర్చుని సుత్తులు ఏరుతున్నాడు. అక్కడికి జోడీగా వెళ్తున్నా ఏదో ఒక షెడ్డులో ఏ పనైనా దొరుకుతుందని, ఎవడైనా అడిగితే ఈసారి పుట్టీ ఉన్నచోటే ఉందని చెప్తానని తనలో తాను గొణుక్కున్నాడు. అక్క సుత్తులు చుట్టడానికి మిగిలిన మందపు రెగ్జిన్ ముక్క పరిచింది. నన్ను చూసి, చూడు అన్నట్టు కుడి చేత్తో కత్తెర పైకెత్తి చూపించింది. పెదవి బిగపట్టి, చేతుల వైపే చూస్తూ కత్తిరించసాగింది. సగం దాకా వచ్చింది. ఇంకా కొంచెం వచ్చింది. వేలు నొప్పి పెట్టిందేమో, ఆగింది. మాకు మధ్యలో రెగ్జిన్ చుట్టలు అడ్డం ఉన్నాయి, అటునుంచి బావకి మేము కనబడము. కత్తెర చప్పుడు మాత్రం వినిపిస్తుంది.

మళ్ళీ కత్తెర కదిలింది.

"మార్చావ్," అన్నాడు బావ అటునుంచి.